చేయి చేయి కలిపించిన బుక్కరాయలు

వేలూరునుండి గుడియాత్తమునకు పోవు దారిలో, పాలారు ఒడ్డున విరించిపురము కలదు. అచటి స్వామికి మార్గబంధు అని పేరు. దారిన పోవువారికి తోడుగా నుండు దేవుడని అర్థము. సరకులతో ఊరూరు తిరిగి బ్రతికిన వర్తకులకు ఇంతకంటె దగ్గరి పేరు మరి యొకటి ఉండదు. ఆరున్నర శతాబ్దములకు పూర్వము ఒక యువరాజు దక్షిణ దిగ్విజయమునకు పోవుచు ఈ విరించిపురముననే తన సేనను విడియించెను. అతడు కుమార కంపరాయలు. అతని భార్య గంగాదేవి తాను వ్రాసిన ‘మధురావిజయము’ అను సంస్కృత కావ్యమున ఈ విడిదిని వర్ణించినది. ఆ కంపరాయల తండ్రియే విజయనగర ప్రభువగు బుక్కరాయలు.

బుక్కరాయలనగానే మనకు కోటలు, యుద్ధములు, విద్యారణ్యుల వారు జ్ఞప్తికి వచ్చుట సహజము. కాని జైనులు ఆ మహారాజును తలచుకొనవలసిన కారణము వేరు. 1368వ సంవత్సరమున ఆయన కత్తి దూయకయే ఒక పెద్ద తగవును తీర్చెను. ఆ తీర్పు నేటికిని శ్రవణబెళగొళలో రాతిమీద నిలిచియున్నది.

సంగముని కుమారులు ఐదుగురు. హరిహరుడు, కంపన, బుక్కన, మారప్ప, ముద్దప్ప అని వారి పేర్లు. విజయనగర రాజ్యస్థాపన 1336లో జరిగినదని చెప్పుట వాడుక. మొదటి ప్రభువు హరిహరుడు. తక్కిన సోదరులు ఒక్కొక్క సీమను చూచుకొనుచు అన్నకు అండగా నిలిచిరి. తూర్పున ఉదయగిరి సీమ కంపన చేతిలో నుండెను. పడమటి మలెనాడు మారప్పకు వచ్చెను. 1346లో ఈ సోదరులందరును శృంగేరిలో కూడి, అచటి మఠమునకు కలిసి దానము చేసిరి. ఆ శాసనములో వారి పేర్లు వరుసగా కానవచ్చును. అన్నదమ్ములు కలిసి వ్యాపారము చేయు కుటుంబములకు ఈ సంగతి విలువ తెలియును. ఆస్తి పెరుగుకొలది సోదరుల నడుమ మాట తగ్గుట లోకములో తరచుగా చూచునదే. వీరు రాజ్యమునే పంచుకొని పాలించియు చీలిపోలేదు.

1356లో హరిహరుని తరువాత బుక్కరాయలు సింహాసనమునకు వచ్చి 1377 వరకు పాలించెను. వేదభాష్యకర్త సాయణాచార్యులు, ఆయన అన్న మాధవాచార్యులు ఆ కాలమువారే. తెలుగున ఉత్తర హరివంశమును రచించిన నాచన సోమన ఈ ప్రభువు ఆదరమునకు పాత్రుడై పెంచికలదిన్నె అగ్రహారమును పొందెను. 1374లో చీనా దేశపు మింగు చక్రవర్తి ఆస్థానమునకు బుక్కరాయలు రాయబారులను పంపెను. దక్షిణమున కంపరాయలు పడైవీడు శంబువరాయలను లోబరచి వేలూరు ప్రాంతమును విజయనగరమునకు చేర్చెను. పిమ్మట మధుర సుల్తానులను గెలిచెను. 1371లో శ్రీరంగనాథుని మరల శ్రీరంగమునకు వేంచేపు చేయించినది కంపరాయల సేనాని గోపన్న.

ఉత్తరమున మాత్రము యుద్ధము ఘోరముగా నుండెను. కృష్ణా తుంగభద్రల నడిమి సీమకై బహమనీ సుల్తాను మహమ్మద్ షాతో 1366, 67 సంవత్సరములలో జరిగిన పోరులో ఇరువైపుల అసంఖ్యాకముగా జనము చచ్చెను. ఆయుధము పట్టని వారిని, ఆడవారిని, పిల్లలను సైతము సేనలు విడువలేదు. చరిత్రకారుడు ఫెరిష్తా వ్రాసినదాని ప్రకారము, రాయబారులు నడుమ నిలిచి మాట్లాడిన పిమ్మట, ఇకమీదట యుద్ధములో ఆయుధము లేనివారిని చంపరాదని ఒప్పందమయ్యెను. కత్తితో తేలనిది మాటతో తేలినది.

ఆ యుద్ధము చల్లారిన కొద్దికాలమునకే రాజ్యము లోపల మరియొక తగవు రాజుకొనెను. ఇది జైనులకును, శ్రీవైష్ణవ భక్తులకును నడుమ వచ్చినది. ఒకప్పుడు గాంగ, రాష్ట్రకూట ప్రభువుల కాలమున జైనధర్మము కన్నడ, తెలుగు, తమిళ దేశములలో వెలిగినది. వేలూరుకు ఉత్తరముననున్న వళ్ళిమల గుహలలో గాంగరాజు రాచమల్లుని కాలమునాటి తీర్థంకర ప్రతిమలు అందుకు సాక్ష్యము. కాని పదునాలుగవ శతాబ్దము వచ్చుసరికి పరిస్థితి మారెను. జైనుల సంఖ్య తగ్గెను. బసదులు పాడుబడెను. బలము భక్తుల పక్షమున నుండెను.

ఆనెగొంది, హొసపట్టణము, పెనుగొండ, కల్లేహ మొదలగు నాడుల జైనులందరు కూడి, భక్తులు తమకు అన్యాయము చేయుచున్నారని రాయలకు మొరపెట్టుకొనిరి. ఈ పేర్లలో మన తెలుగుసీమ పెనుగొండ ఉన్నదని గమనింపవలెను. జినాలయములలో పంచమహావాద్యములు మ్రోగించుటకు, కలశమును నిలుపుటకు జైనులకు పూర్వమునుండి హక్కు కలదు. ఆ హక్కుకే భంగము వచ్చినది. పైకి ఇది వాద్యముల తగవు. లోపల చూచిన, ఆ రాజ్యమున జైనులకు తలెత్తుకొని బ్రతుకు చోటు ఉన్నదా లేదా అనునదే అసలు ప్రశ్న.

రాయలు ఏమి చేయవచ్చును? ఎక్కువమంది ఏ పక్షమున నుందురో వారి మాట నెగ్గించవచ్చును. వేదమార్గ ప్రతిష్ఠాపకుడని బిరుదు పొందిన రాజు అట్లు చేసినచో ఎవరును ఆశ్చర్యపడరు. లేదా సైన్యమును పంపి భక్తులను శిక్షించవచ్చును. అప్పుడు జైనులు ఒక దినము గెలుతురు. సైన్యము వెనుదిరిగిన మరునాడు అదే వీథిలో, అదే పొరుగువారి నడుమ బ్రతుకవలసి వచ్చును. బుక్కరాయలు ఈ రెండు దారులను విడిచెను.

ఆయన ఇరుపక్షముల పెద్దలను పిలిపించెను. శ్రీరంగము, తిరుమల, కంచి, తిరునారాయణపురము అను నాలుగు ప్రధాన క్షేత్రముల ఆచార్యులును, పదునెనిమిది నాడుల శ్రీవైష్ణవులును వచ్చిరి. పెద్ద గుళ్ళ అధికారులు మాత్రమే కాక తిరుకులము, జాంబవకులము వారి వరకు అందరును ఆ సభలో లెక్కకు వచ్చిరి. అందరి ఎదుట రాయలు జైనుల చేతిని తీసి శ్రీవైష్ణవుల చేతిలో పెట్టెను. వైష్ణవ దర్శనమునకు, జైన దర్శనమునకు భేదము లేదని తెలిపెను. జైన దర్శనమునకు పూర్వమర్యాద ప్రకారము పంచమహావాద్యములును కలశమును చెల్లునని నిర్ణయించెను. జైన దర్శనమునకు భక్తులవలన హాని కలిగినను, వృద్ధి కలిగినను, అది తమ దర్శనమునకే కలిగినట్లు వైష్ణవులు ఎంచవలెనని ఏర్పరచెను. సూర్యచంద్రులున్నంతవరకు వైష్ణవులు జైనులను కాపాడవలెనని ఒడంబడిక. ఈ శాసనమును రాజ్యములోని బసదులన్నిట నిలుపుట శ్రీవైష్ణవుల పని.

మాట మంచిదే. కాని మాటను నిలుపుటకు ఏర్పాటు వలయును. వర్తకులకు ఇది చెప్పనక్కరలేదు. ఎంత నమ్మకస్తుడైనను లెక్క వ్రాయని పొత్తు నిలువదు. ఈ శాసనములో లెక్కయు కలదు. రాజ్యమంతటనున్న జైనుల ఇండ్లలో వాకిలికి ఏటికి ఒక హణము చొప్పున వసూలు చేయవలెను. హణమనగా చిన్న నాణెము. ఆ సొమ్ముతో బెళగొళ స్వామికి కాపుగా ఇరువదిమందిని నియమించవలెను. మిగిలిన సొమ్ముతో శిథిలమైన జినాలయములకు సున్నము వేయించి బాగుచేయించవలెను. ఈ పనికి బాధ్యుడెవరు? తిరుమల తాతయ్య. ఆయన జైనుడు కాడు, శ్రీవైష్ణవుడు. జైనులందరి సమ్మతితోనే ఆ బాధ్యత ఆయన చేతికి వచ్చినది.

ఇచ్చట ఒక్క నిముషము ఆగి ఆలోచింపవలెను. నిన్నటివరకు ఎవరివలన భయము కలిగెనో, ఆ పక్షపు పెద్దకే జైనులు తమ సొమ్మును, తమ దేవుని కాపును అప్పగించిరి. ఇది తెలివితక్కువ కాదు, లోతైన వివేకము. బయటివాడు కాపున్నచో హాని చేయదలచినవానికి అడ్డు ఒక్కటే. ఆ పక్షపు పెద్దయే కాపున్నచో, హాని చేయువాడు మొదట తన గురువు మాటను కాలదన్నవలెను. ఏటేట ఆ సొమ్ము లెక్క చూచుటకై ఇరువురును కలియక తప్పదు. కలిసి పని చేయువారి నడుమ పగ ఎక్కువ కాలము నిలువదు. ఒడంబడికను తప్పినవాడు రాజునకే కాక సంఘమునకును సముదాయమునకును ద్రోహి యని శాసనము తేల్చి చెప్పినది.

ఈ కథలో వర్తకులు ప్రత్యేకముగా తలచుకొనవలసిన వ్యక్తి ఒకడు కలడు. ఆయన కల్లేహ హర్వి సెట్టి కుమారుడు బుసువి సెట్టి. రాజు కాడు, సేనాని కాడు, ఆచార్యుడు కాడు. బుక్కరాయలకు విన్నపము చేసి, తిరుమల తాతయ్యను పిలిపించి, శాసనమును జీర్ణోద్ధారము చేయించినది ఆయనయే. పని ముగిసిన పిమ్మట జైనులు, వైష్ణవులు ఇరువురును కలిసి ఆయనకు సంఘనాయక పదవి నిచ్చిరి. ఒక పక్షము వారు మాత్రమే సన్మానించినచో ఆయన ఆ పక్షపు వకీలుగా మిగిలెడివాడు. రెండు పక్షములును సన్మానించినవి గనుక మధ్యవర్తి యయ్యెను. ఈ శాసనపు ప్రతి మాగడి సీమలోని కల్యలోను కలదు.

రాయల రాజ్యమున ఇట్టి తీర్పు ఇది మొదటిది కాదు. ఐదేండ్లకు ముందు, 1363లో, మలెనాటి తడతాళ పార్శ్వనాథ బసది భూముల హద్దులను గూర్చి జైన ఆచార్యులకును హెద్దూరునాటి వారికిని వివాదము వచ్చెను. అప్పుడు ఆరగ సీమను పాలించుచున్న బుక్కరాయల కుమారుడు విరూపన్న ఒడెయరు ఇరుపక్షములను ఆరగ చావడికి పిలిపించెను. మంత్రియు, నాటి పెద్దలును కూర్చుండి విచారించి, పూర్వపు హద్దులే నిజమని తేల్చి రాతిమీద చెక్కించిరి. భూమి తగవైనను, దేవుని తగవైనను పద్ధతి ఒక్కటే. ఇరువురిని ఒకచోట కూర్చుండబెట్టుట, పూర్వాచారమును అడిగి తెలిసికొనుట, అందరికి కనబడునట్లు వ్రాయుట.

ఫలము ఎట్లున్నదో తరువాతి చరిత్రయే చెప్పును. బుక్కరాయల కుమారుడు రెండవ హరిహరుని సేనాపతి ఇరుగప్ప జైనుడు. ఆయన 1385లో విజయనగరముననే కుంథునాథునికి రాతి ఆలయము కట్టించెను. 1387-88లో కంచివద్ద జినకంచియగు తిరుప్పరుత్తికున్రమున సంగీత మండపము నిర్మించెను. 1426లో రెండవ దేవరాయలు విజయనగరపు తమలపాకుల, వక్కల అంగడివీథిలో పార్శ్వనాథునికి చైత్యాలయము కట్టించెను. రాజధాని నడిబజారులో, వర్తకుల నడుమ, రాజే జినాలయము కట్టించుటకు మించిన నిదర్శనము ఏమి కావలెను?

పద్ధతియు రాజులతో పోలేదు. 1638లో హళేబీడు పార్శ్వనాథ బసది స్తంభముమీద ఒక వీరశైవుడు లింగముద్ర వేసెను. ఒక జైనుడు దానిని చెరిపెను. ఊరు రెండుగా చీలవలసిన సమయమది. వీరశైవ పెద్దలును జైన సెట్లును కూడి మాట్లాడి, మొదట విభూతి వీడెములు ఇప్పించి, ఆపైన జైనులు తమ పూజలను యథావిధిగా జరుపుకొనవచ్చునని రాజీకి వచ్చి శాసనము వేయించిరి. అప్పటికి బుక్కరాయలు పోయి రెండువందల అరువది ఏండ్లు దాటెను.

విరించిపురముననే మరియొక నిదర్శనము కలదు. 1425-26లో పడైవీడు రాజ్యపు బ్రాహ్మణులు, కన్నడిగులు, తమిళులు, తెలుగులు, లాటులు అందరును ఆ గుడిలో కూడి, ఇకమీదట ఆడపిల్లలకు బంగారము తీసికొనక కన్యాదానముగానే పెండ్లి చేయవలెనని కట్టుబాటు వ్రాసి చేవ్రాళ్ళు పెట్టిరి. నాలుగు భాషలవారు ఒక కట్టుబాటుకు వచ్చిన ఊరు మన వేలూరికి కూతవేటు దూరమున ఉన్నదనుట మనకు గర్వకారణము.

అయినను ఈ పద్ధతికి గల హద్దులను దాచరాదు. 1368 ఒడంబడికలో హణము చెల్లించినది జైనులు మాత్రమే. తమ దేవుని కాపునకు తామే సొమ్మిచ్చుకొనిరి. సమాన బలము లేనివారి నడుమ జరుగు రాజీలో బలహీనుని వాటా ఎప్పుడును కొంత బరువుగానే ఉండును. రాయల అధికారము వెనుక లేకున్న ఆచార్యులు అంత సులువుగా వచ్చియుందురని చెప్పలేము. విరించిపురపు కట్టుబాటులో తప్పినవానికి వెలి శిక్షగా చెప్పబడినది. నేడు అట్టి వెలికి చోటు లేదు. స్త్రీలకు, పేదలకు జరిగిన అన్యాయమును, నేరమును సంఘము పేరు చెప్పి కప్పిపుచ్చుటయు మధ్యవర్తిత్వము కాదు. అచట న్యాయస్థానమే శరణ్యము. పెద్దలు ఈ రెంటి నడుమ గీతను ఎరిగి నడచుకొన్నప్పుడే వారి మాటకు విలువ.

ఆ గీతకు ఇవతల, అనగా భాగస్వాముల లెక్కలు, అన్నదమ్ముల పంపకములు, అద్దెలు, ప్రహరీగోడలు, నిలిచిపోయిన బాకీలు మొదలగు విషయములలో బుక్కరాయల దారియే మేలు. న్యాయస్థానమున ఒకడు గెలిచి ఒకడు ఓడును. తీర్పు వచ్చునాటికి ఇద్దరి పిల్లలును పెద్దవారై, ఒకరి ముఖము ఒకరు చూడని స్థితికి వత్తురు. వేలూరు బజారులోనైనను, గుడియాత్తపు మగ్గముల బట్టల వ్యాపారములోనైనను, నేడు తగవులాడిన ఇద్దరు రేపు ఒకే పెండ్లిలో, ఒకే దేరాసరిలో కలియక తప్పదు. 1918లో అహమ్మదాబాదు మిల్లుల సమ్మెలో యజమానుల నాయకుడు అంబాలాల్ సారాభాయి, కార్మికుల పక్షమున నిలిచినది ఆయన అక్క అనసూయాబెన్. వారిది జైన కుటుంబమే. గాంధీ మహాత్ముడు నడుమనుండగా, ఆ తగవు చివరకు ఆనందశంకర ధ్రువగారి మధ్యవర్తిత్వమునకు వచ్చి తీరెను. కార్మికులకు అడిగిన నూటికి 35 పెంపు దక్కెను, అక్కాతమ్ముల ప్రేమయు చెడలేదు.

2023లో భారత పార్లమెంటు చేసిన మధ్యవర్తిత్వ చట్టములో సముదాయ మధ్యవర్తిత్వమునకు ప్రత్యేకముగా ఒక అధ్యాయము కేటాయింపబడెను. ఒక ప్రాంతపు నివాసుల, కుటుంబముల నడుమ శాంతిని చెరుపు తగవులను ముగ్గురు మధ్యవర్తులు కూర్చుండి, ఇరుపక్షముల సమ్మతితో తీర్చుట అందలి పద్ధతి. అట్లు కుదిరిన ఒడంబడిక కోర్టు డిక్రీవలె బలవంతముగా అమలు కాదు. ఇది లోపమని కొందరందురు. కాని 1368 నాటి ఒడంబడికను అన్ని తరములు నిలిపినది ఏ డిక్రీ? చేతిలో చేయి పెట్టినవారి మాట, అందరికి కనబడు వ్రాత, ఏటేట ఇచ్చిన లెక్క ఇవియే దానిని నిలిపినవి.

ఒక వస్తువును ఎన్నో వైపులనుండి చూడవచ్చునని అనేకాంతవాదము మనకు నేర్పినది. ఏటేట సంవత్సరినాడు మిచ్ఛామి దుక్కడమని అందరిని క్షమాపణ వేడుట మన ఆచారము. ఆ మాట పొరుగువారికి, బంధువులకు సులువుగా చెప్పుదుము. ఎవరితో లెక్క తెగలేదో వారి ఇంటి గడప మాత్రము దాటము. దీపావళికి కొత్త ఖాతా పుస్తకములకు పూజ చేయుటకు ముందు, పాత పుస్తకములో తెగని తగవు ఒక్కటియున్నను, ఇరువురికి నమ్మకమైన పెద్దను నడుమ కూర్చుండబెట్టుకొని దానిని తేల్చుకొనుట బుసువి సెట్టి వంశీయులమని చెప్పుకొనదగిన వర్తకులకు తగిన పని. రాజు లేని ఈ కాలమున ఆ చేతిని పట్టి ఆ చేతిలో పెట్టవలసినవారు సంఘపు పెద్దలే.